ఆరు గ్లాసుల పెట్టె

మా ఇంట్లో టీ తాగరు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. కృష్ణా డెల్టా నుంచి వచ్చి హైదరాబాదు శివార్లలో తుర్కయాంజాల్‌లో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్ళు దాటినా మా అమ్మకు పొద్దున్నే కాఫీ పడకపోతే ఆ రోజు మొదలైనట్టు కాదు. టీ పొడి డబ్బా ఒకటి వంటింట్లో ఉంటుంది కాని, అది ఇంట్లో పనిచేసే ఆమె కోసం. ఇంకెవరికైనా జలుబు చేస్తే అల్లం వేసి కాచి, మందు తాగించినట్టు తాగిస్తారు. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు, దక్షిణాసియా ప్రజల టీ సంప్రదాయాలను ఒక పెట్టెలో సర్దే పని అప్పజెప్పారు.

నేను ఇబ్రహీంపట్నం దగ్గర ఒక స్టీలు సామాన్ల ఫ్యాక్టరీలో డిజైనర్‌ని. ఆ మాట విజిటింగ్ కార్డు మీద చాలా అందంగా ఉంటుంది. నిజానికి పదహారేళ్ళుగా టిఫిన్ డబ్బాల మూతలు గీస్తున్నాను. సాంబారు కారని మూత ఒకటి తయారు చేయాలన్నది నా ఆశయం. ఇప్పటికి దాదాపు సాధించాను. సాంబారు కారదు. కాని మూత రాదు.

మా ఓనరు నాకంటే పదేళ్ళు చిన్న. ఆ చుట్టుపక్కల ఊళ్ళోనే పుట్టిన రైతుబిడ్డ. కోపం తక్కువ, ఉత్సాహం ఎక్కువ. ఒకసారి ఢిల్లీలో గిఫ్టు సామాన్ల ప్రదర్శనకు వెళ్ళొచ్చి, చేతిలో బ్యాగు కూడా కింద పెట్టకుండా నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, డబ్బాలు పక్కకు పెట్టు. ఇగ మనం చాయ్ సెట్టు చేస్తున్నం."

"కప్పులూ సాసర్లా సార్?"

"గది కాదే. సంచిల ఏసుకొని యాడికంటె ఆడికి పట్టుకపోయేటట్టు ఉండాలె. కొనేటోళ్ళు విదేశపోళ్ళు. ఉత్త సెట్టు చాలదట, దాంట్ల మన సంప్రదాయం కొట్టొచ్చినట్టు కనవడాలెనట."

జేబులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. ఇంగ్లీషులో నాలుగే వాక్యాలు. వాటిలో సంప్రదాయం అన్న మాట ఐదుసార్లు వచ్చింది.

"మన సంప్రదాయం అంటే ఏది సార్?"

"నన్నడుగుతవేందన్నా? డిజైనరువి నువ్వు."

నేను కంప్యూటర్ ముందు కూర్చుని సంప్రదాయాన్ని వెతకడం మొదలుపెట్టాను. కాశ్మీరులో కడుపులో నిప్పులు పోసుకునే రాగి కెటిల్స్, సమోవార్లున్నాయి. బెంగాల్లో తాగి పగలగొట్టే మట్టి కప్పులున్నాయి. హైదరాబాదులో సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే ఇరానీ చాయ్ ఉంది. దక్షిణాన గజం ఎత్తునుంచి సన్నటి ధారగా పోసి నురగ తెప్పించే వాళ్ళున్నారు. ఆ ఎత్తునుంచి పోయడం నన్ను బాగా ఆకట్టుకుంది. ఒక మనిషి చెయ్యి పైన, ఒక మనిషి గ్లాసు కింద, మధ్యలో బంగారు రంగు ధార. బొమ్మ గీస్తేనే ఎంతో గొప్పగా వచ్చింది. దానికోసం కొంగ మెడలా పొడుగ్గా, సన్నగా ఉండే ముక్కు ఒకటి కెటిల్‌కి పెట్టాను.

ఎవర్నీ నొప్పించడం ఇష్టంలేక అన్ని ప్రాంతాల్నీ కలిపాను. మూడు వారాల్లో పదిహేను భాగాలున్న నమూనా తయారైంది. ఓనరు దాన్ని రెండు చేతులతో పైకెత్తి, కొంచెం సేపు అలాగే పట్టుకుని, మెల్లగా దించాడు.

"అన్నా, గిది మనం మోసుకపోవాల్నా, ఇంకెవలన్న మోసుకొస్తరా?"

"సంప్రదాయం మొత్తం ఉంది సార్ ఇందులో."

"ఉన్నది, కాదంటలేను. జర తగ్గియ్యి. కంప్యూటర్ల కాదు, జనం ఎట్ల తాగుతున్నరో పొయ్యి చూసిరా."

మర్నాడు పొద్దున్నే ఒక నోట్‌బుక్కు, కొలతల టేపు పట్టుకుని ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీదికి వెళ్ళాను. వలలు లాగి వచ్చిన ఏడెనిమిది మంది కట్ట మీద కూర్చుని ఉన్నారు. కాసేపటికి వాళ్ళలో ఒకతను మోపెడ్ మీద వచ్చాడు. హ్యాండిల్‌కి ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. దాని నిండా టీ. మూతిని దారంతో బిగించి కట్టారు. జేబులోంచి బొటనవేలంత కాగితం కప్పుల కట్ట తీశాడు. దారం విప్పి, కవరు మూలను రెండు వేళ్ళతో నొక్కి, చుక్క కింద పడకుండా అందరికీ పోశాడు.

పదహారేళ్ళు మూతలు గీసిన మనిషిని. నాకు కొంచెం సిగ్గేసింది.

"వేడికి ఈ కవరు కరిగిపోదా అన్నా?" అని అడిగాను.

"గిన్నొద్దులసంది కరగలే. ఇయ్యాల నువ్వొచ్చినవని కరుగుతదా?" అన్నాడతను, ఒక కప్పు నా చేతిలో పెడుతూ. "తాగు, సల్లగైతది."

ఈ పని మొదలుపెట్టాక నేను టీ తాగడం అదే మొదటిసారి. తాగాను. బాగానే ఉంది. తాగిన కప్పుల్ని నలిపి కట్ట కింద పారేసి అందరూ లేచారు. కడగాల్సింది లేదు, తిరిగి మోసుకెళ్ళాల్సింది లేదు. నోట్‌బుక్‌లో 'భాగాలు రెండు, బరువు లేదు' అని రాసుకున్నాను. పర్యావరణానికి ఇది మంచిది కాదని కింద ఇంకో వాక్యం కూడా రాశాను. ఆ వాక్యం రాశాక మనసు కొంచెం కుదుటపడింది.

ఆ మధ్యాహ్నం బొంగులూరు దగ్గర ఒక కొత్త ప్లాట్ల వెంచర్‌లో టెంటు వేసి, వచ్చినవాళ్ళకు టీలిస్తున్నారంటే అక్కడికీ వెళ్ళాను. మూడు కప్పులు తాగించారు. బయటపడేసరికి తూర్పు ముఖం ఉన్న మూల ప్లాటు ఒకటి నాకు నచ్చినట్టు వాళ్ళ రిజిస్టర్‌లో నమోదైంది. వారం రోజులు ఫోన్లు చేశారు. టీ గురించి అక్కడ కొత్తగా తెలిసిందేమీ లేదు.

రెండో నమూనా బుద్ధిగా తయారు చేశాను. ఒక కెటిల్. దాని కడుపులో ఒకదానిలో ఒకటి ఇమిడే ఆరు స్టీలు గ్లాసులు. వడకట్టే జాలీ, టీ పొడికీ చక్కెరకూ రెండు చిన్న డబ్బాలు. అన్నీ ఒక పెట్టెలో, పెట్టెకొక తోలు పట్టీ. కొంగ మెడ ముక్కును మాత్రం వదులుకోలేకపోయాను.

ఓనరు అన్నిటినీ తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది. చాయ్ అక్కతోని ఒకపారి పోయించి చూడు" అన్నాడు.

చాయ్ అక్క అంటే మా ఫ్యాక్టరీలో రోజుకు రెండుసార్లు చాయ్ తెచ్చే ఆమె. యాభై దాటి ఉంటుంది. దగ్గర్లోని పల్లెనుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది. వెనక షెడ్డులో స్టవ్వు మీద చాయ్ కాచి, ఒక చేత్తో స్టీలు క్యాను, ఇంకో చేత్తో కాగితం కప్పుల దొంతర పట్టుకుని మిషన్ల మధ్యనుంచి నడుస్తుంది. పదేళ్ళకు పైగా రోజూ నా టేబుల్ పక్కనుంచే వెళుతోంది. నేను తాగనని తెలుసు కాబట్టి ఆగదు. "సారుకు కాఫీ రోగం" అని పక్కవాళ్ళతో అనడం ఒకటి రెండుసార్లు విన్నాను. వేడి వేడి టీని చెయ్యి కాలకుండా, చుక్క ఒలక్కుండా మోయడం తెలిసిన మనిషి రోజూ నా మోచేతి పక్కనుంచి వెళుతుంటే, నేను సంప్రదాయం కోసం చెరువు దాకా వెళ్ళొచ్చాను. ఆ ఆలోచన కూడా నాకు కాదు, ఓనరుకు వచ్చింది.

ఆమె కెటిల్‌ను చేతిలోకి తీసుకుని ముందు బరువు చూసింది. తర్వాత తన చాయ్ అందులో నింపి ఒక గ్లాసులోకి వంచింది. చాయ్ ముక్కులోంచి సగం, ముక్కు కిందనుంచి సగం వచ్చింది.

"ముక్కు గింత సన్నగ, గింత పొడుగు ఎందుకు పెట్టినవ్ సారు?"

"ఎత్తునుంచి పోయడానికి అక్కా. పైనుంచి పోస్తే నురగ వస్తుంది. అదొక సంప్రదాయం."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎత్తుకెల్లి పోసుడు సంప్రదాయమా?" అని, కెటిల్ కింద పెట్టేసింది. తర్వాత వరసగా చెప్పుకుంటూ పోయింది. పిడి కాలుతోంది. వేడికి గ్లాసులు ఒకదానిలో ఒకటి బిగుసుకుని రావడం లేదు. పట్టీ ఒక పక్కకు ఉంది, నడిస్తే పెట్టె వంగి చాయ్ అంతా కారుతుంది. నేను రాసుకుంటున్నాను. రాసుకోవడం అయ్యేలోపల ఆమె తన సంచిలోంచి ఒక స్టీలు గ్లాసు తీసి, క్యానులో మిగిలిన చాయ్ అందులో పోసుకుని, నా ఎదుటి స్టూలు మీద కూర్చుంది.

"మీరు సొంత గ్లాసు తెచ్చుకుంటారా అక్కా?"

"కాయిదం కప్పుల తాగితె కాయిదం తాగినట్లుంటది." ఒక గుక్క తాగి అంది. "మా నాయిన కూడ గిట్లనే. యాడికి పోయినా తువ్వాలల గ్లాసు చుట్టుకోని పోతుండె."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్నది ఇదే. తువ్వాలులో చుట్టిన గ్లాసు! "ఎందుకు అలా? అలవాటా?" అని అడిగాను, పెన్ను సిద్ధంగా పట్టుకుని.

"అలవాటేంది? హోటలోడు గ్లాసు ఇయ్యకపోతె ఏం చేస్తడు?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊరి నడుమ ఒక గుడిసె హోటల్ ఉండేదట. ఊళ్ళోవాళ్ళకు లోపల బల్ల, గాజు గ్లాసులు. ఊరి చివరి దళితవాడనుంచి వచ్చే వీళ్ళకు బయట నేల. వీళ్ళ కోసం రెండు గ్లాసులు చూరులో చెక్కి ఉండేవి. వాడ మొత్తానికీ ఆ రెండే. తీసుకోవాలి, కడుక్కోవాలి, కింద కూర్చుని పట్టుకోవాలి. హోటలతను తన గిన్నె గ్లాసుకు తగలకుండా పైనుంచి పోసేవాడు. తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టి పోవాలి.

"ఒకనాడు మా నాయిన గ్లాసు తీసి చూస్తె దాంట్ల బల్లి గుడ్డు పెట్టి ఉన్నది. గప్పుడు మొండికేసిండు. పట్నం అంగడికి పొయ్యి సొంతంగ స్టీలు గ్లాసు కొనుక్కొచ్చిండు. తెల్లారి తువ్వాలల చుట్టుకోని హోటలుకు పోయిండు. ఏందిరో, కొత్త గ్లాసు అన్నడట హోటలోడు. చాయ్ పొయ్యి అన్నడు మా నాయిన."

"పోశాడా?"

"పోస్తడు, ఎప్పటి లెక్కనే పైకెల్లి పోయాలెనని వచ్చిండు. మా నాయిన గ్లాసు చేతుల పట్టుకోలే. నేల మీద పెట్టి, దూరం జరిగి నిలవడ్డడు. ఇగ వాడు నిలవడి పోస్తె చాయంత చింది వాని కాళ్ళ మీదనే పడుతది. ఏం చేస్తడు? వంగిండు. మా నాయిన ముందట నడుం వంచి పోసిండు." ఆమె స్టూలు మీదనుంచి లేచి, ఆ హోటలతను ఎలా వంగాడో నడుం మీద చెయ్యి పెట్టుకుని చేసి చూపించింది. పాలిష్ మిషను దగ్గరివాళ్ళు ఇటు తిరిగి చూశారు. "గట్ల రోజూ వంగిండు. మా నాయిన పోయేది చాయ్ కోసం కాదు సారు. వాడు వంగుడు చూసెటందుకు."

నా పెన్ను ఎప్పుడో ఆగిపోయింది. ఎదురుగా టేబుల్ మీద కొంగ మెడ కెటిల్ ఉంది. పైన ఒక చెయ్యి, కింద ఒక గ్లాసు, మధ్యలో బంగారు ధార అని నేను గీసుకున్న బొమ్మ గోడకు అతికించి ఉంది. ఆ కింది గ్లాసు పట్టుకున్న మనిషి ఎవరో నేనెప్పుడూ అడగలేదు.

"మరి ఆ పద్ధతి ఎప్పుడు మానేశారు?" అని అడిగాను.

"యాడ మానిన్రు? ప్లాస్టిక్ గ్లాసులొచ్చినయ్. అందరికి అవ్వే. తాగు, పారెయ్. ఇగ ఎవని గ్లాసు ఎవడు ముట్టిండని లొల్లే లేకపాయె."

నేను ఆ తర్వాత అడిగిన ప్రశ్న గురించి చెప్పుకోవడానికి ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. "మీ నాన్నగారి ఆ గ్లాసు ఇంకా ఉందా అక్కా?" అన్నాను. అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాను, ఉంటే ఫోటో పెట్టెకు ఎంత బాగుంటుందో అని.

"ఎవనికెరుక? సొట్టలు పడ్డది. పాత సామాన్లోనికి ఏసి ఉల్లిగడ్డలు తీసుకున్నం. గదేమన్న బంగారమా?" అని, తన గ్లాసు కడుక్కుని వెళ్ళిపోయింది.

కొంగ మెడను ఆ సాయంత్రమే కోసేశాను. పొట్టి ముక్కు పెట్టాను. ఆమె చెప్పిన మిగతావన్నీ సరిచేశాను. ఓనరుకిచ్చిన రిపోర్టులో ముక్కు మార్చడానికి కారణం 'ధార సరిగా రావడం లేదు' అని రాశాను.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి మా ఇంట్లో పనిచేసే ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి టీ తాగుతోంది. మీర్‌పేట్ వైపునుంచి వస్తుంది, మా ఇంట్లో ఆరేడేళ్ళుగా చేస్తోంది. తాగి, గ్లాసు కడిగి, కిటికీ బయట గట్టు మీద బోర్లించింది. ఆ గ్లాసు ఆరేడేళ్ళుగా అక్కడే ఉంది. దాని మీద ఎండా వానా పడడం రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆమె వెళ్ళాక నేను ఆ గ్లాసు తెచ్చి, అలమరలో మా గ్లాసుల మధ్య పెట్టాను. చాలా పెద్ద పని చేసినట్టు రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. మా అమ్మ చూసింది.

"ఏవిట్రా అది?"

"గ్లాసులన్నీ ఒకచోట ఉండాలమ్మా. రేపట్నుంచి ఆమెకి కూడా వీటిల్లోనే ఇయ్యి."

"దానికేం, అలాగే ఇస్తాను" అంది అమ్మ. అంత సులువుగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. ఒక పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుని ఉన్నాను.

మర్నాడు ఆదివారం. ఆమె వచ్చింది. అమ్మ మా కాఫీ గ్లాసుల్లో ఒకదాంట్లో టీ పోసి ఇచ్చింది. ఆమె గ్లాసులోకి చూసి, కిటికీ బయటికి చూసి, "నా గ్లాసేదమ్మా?" అంది.

"అబ్బాయి లోపల పెట్టాడు. అందరూ సమానం అంటున్నాడు."

"గిది రెండు గుక్కలకే అయిపోతది. నా గ్లాసుల పొయ్యి. పనిచేసెటోళ్ళకు గింతంత సరిపోతదా?"

అమ్మ నావైపు చూసి, అలమరలోంచి ఆ గ్లాసు తీసి టీ అందులోకి మార్చింది. ఆమె గ్లాసు మా గ్లాసులకు రెండింతలుంటుంది. సమానత్వానికి కొలతలు కూడా ఉంటాయని కొలతల టేపు జేబులో పెట్టుకు తిరిగే నాకు తోచలేదు.

నేను ఓడిపోదలుచుకోలేదు. మా ఫ్యాక్టరీలో తయారయ్యే పెద్ద గ్లాసులు ఆరు తెచ్చాను. అన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఎవరిదో పోల్చడానికి వీల్లేదు. రెండు రోజుల తర్వాత చూస్తే ఒక గ్లాసు అడుగున ఎర్రటి చుక్క ఉంది. మా ఆవిడ గోళ్ళరంగుతో అమ్మ పెట్టింది. అడిగితే, "గుర్తుకోసం" అంది. నేను ఆ చుక్క గ్లాసులోనే కాఫీ పోయించుకుని అమ్మ ఎదురుగా కూర్చుని తాగాను. అమ్మ పేపరు చదువుకుంది.

ఆ చుక్క సంగతి తేల్చింది మాత్రం నేను కాదు. ఇంట్లో అంట్లు తోమేది ఎవరు? వారం తిరిగేసరికి చుక్క మాయమైంది. అమ్మ మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది. ఈసారి అమ్మ రెండు పూతలు వేసింది. పనిచేసే ఆమె పీచు మార్చింది. ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ విషయం ఒక్క ముక్క మాట్లాడలేదు. పొద్దున్నే కూరగాయల ధరలు, మోకాళ్ళ నొప్పులు, మనవల చదువులు అన్నీ మాట్లాడుకునేవాళ్ళు. రెండు నెలలకు సీసాలో గోళ్ళరంగు ఎండిపోయింది. అమ్మ ఇంకో సీసా అడగలేదు. ఏ గ్లాసు ఎవరిదో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకు తెలుసేమోనని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంటుంది.

ఇంట్లో ఈ యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే ఫ్యాక్టరీలో పెట్టెకు కార్డు రాయాల్సి వచ్చింది. పెట్టె తెరవగానే పైన ఒక అట్ట ముక్క, దానిమీద ఈ సెట్టు వెనక ఉన్న కథ. కొనేవాళ్ళ తరఫున మాట్లాడే ఒకావిడ వీడియో కాల్‌లో, "కథ వెచ్చగా ఉండాలి" అని చెప్పింది.

నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. చూరులో గ్లాసులు, తువ్వాలులో గ్లాసు, నేల మీద పెట్టిన గ్లాసు, వంగిన హోటలతను. ఎనిమిది వాక్యాలే. రాసి ముందు ఓనరుకు చూపించాను. అతను రెండుసార్లు చదివాడు.

"మా ఊళ్ళె కూడ ఉండె అన్నా, చూర్ల గ్లాసులు. చిన్నగున్నప్పుడు చూసిన. గ్లాసులు గాడ పెడుతరేమో అనుకున్న, అంతే." కాగితం తిరిగి నా చేతికిచ్చాడు. "కాని గిఫ్టు డబ్బాల గిది పెడుతమా? వాడు చాయ్ తాగుకుంట గిది చదువుతడా?"

వీడియో కాల్‌లో ఆవిడ కూడా చదివింది. చాలా బలంగా ఉందని మెచ్చుకుంది. ఎంత బలంగా ఉందంటే పెట్టుకోలేమంది. "గ్లాసు, తువ్వాలు ఉంచండి. అవి చాలా అందంగా ఉన్నాయి. మిగతావి కొంచెం తగ్గించండి" అంది.

తగ్గించాను. నాకు తగ్గించడం అలవాటైపోయింది. చివరికి మిగిలింది ఇది: 'దక్కన్ పల్లెల్లో పనికి వెళ్ళే మనిషి తన గ్లాసును తానే తువ్వాలులో చుట్టి వెంట తీసుకువెళ్ళేవాడు. ఆ గ్లాసంటే అతనికి ఎంతో ప్రేమ.' మొదటి వాక్యంలో అబద్ధం లేదు. రెండోది ఆవిడ అడిగితే చేర్చాను. ఇంగ్లీషులో అది ఇంకా వెచ్చగా కుదిరింది.

పెట్టెలు వెళ్ళాయి. దసరాకు ఓనరు ఎప్పుడూ ఇచ్చే మిఠాయి డబ్బా బదులు ఫ్యాక్టరీలో అందరికీ ఒక్కో టీ సెట్టు ఇచ్చాడు. చాయ్ అక్కకు తన చేతులతో ఇచ్చి, "నీ సలహాలతోనే అయ్యిందక్కా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఆ పెట్టెలో కార్డు ఉంటుందన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు.

పండగ సెలవులయ్యాక ఆమె క్యాను పట్టుకుని వచ్చి, ఎప్పుడూ లేనిది, నా టేబుల్ దగ్గర ఆగింది.

"సారు, పెట్టెల ఉన్న కాయిదం నువ్వు రాసినవా?"

"అవునక్కా."

"మా మనుమరాలు సదివి చెప్పింది. ఇంగ్లీషు మంచిగ సదువుతది."

"ఏమని చెప్పింది?"

"మా నాయినకు గ్లాసంటె మస్తు పావురమని చెప్పింది."

పావురం అంటే వాళ్ళ మాటలో ప్రేమ. నేను వెంటనే, "మీ నాన్న అని రాయలేదక్కా" అన్నాను. అంతకంటే చేతకాని మాట నా జీవితంలో ఇంకోటి అనలేదు.

"తువ్వాలల గ్లాసు చుట్టుకపోయినోళ్ళు నీకు ఇంకెంతమంది ఎరుక సారు?"

నేను టేబుల్ మీది కొలతల టేపును చుట్టడం మొదలుపెట్టాను.

"వాడు వంగిన ముచ్చట ఏడవాయె?"

"తీసేశారు."

"ఎవలు?"

వీడియో కాల్ ఆవిడ, ఓనరు, విదేశాల్లో టీ తాగేవాళ్ళు, అందరూ నోటి చివర్న ఉన్నారు. "నేనే" అన్నాను.

ఆమె తల ఊపింది. కోపంగా కూడా కాదు. "గదొక్కటే మంచిగుండె. గదే తీసినవ్" అని, క్యాను ఎత్తుకుని పాలిష్ మిషన్ల వైపు వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఓనరు గదికి వెళ్ళి, ఇకముందు పెట్టెల్లో ఆ కార్డు వద్దన్నాను. వాదించాల్సి వస్తుందనుకుని నాలుగైదు కారణాలు సిద్ధం చేసుకున్నాను. అతను, "తీసెయ్యన్నా, అట్టలు కోసుడు పెద్ద తలనొప్పి అయితున్నది" అన్నాడు. అంతే. నా పశ్చాత్తాపం ఫ్యాక్టరీకి ఒక పని తగ్గించింది. రెండో ఆర్డరు కార్డు లేకుండానే వెళ్ళింది. కార్డు ఏదని ఆవిడ అడగలేదు. ఆ ఎనిమిది వాక్యాలు నా కంప్యూటర్లో ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక ఇప్పుడిలా రాస్తున్నాను.

చాయ్ అక్కకు కూడా చూపించాను. అంటే, తెలుగులో రాసినది చదివి వినిపించాను. క్యాను కింద పెట్టి, నిలబడే వింది. వంగిన చోట ఆపి, "రోజూ వంగిండని రాసినవా? ఒక్కనాడు కాదు" అంది. 'రోజూ' అని చేర్చాను. బాగుందని గాని, క్షమించానని గాని నాతో చెప్పే అవసరం ఆమెకు కనిపించినట్టు లేదు.

టీ సెట్టు ఎలా పోయిందంటే, ఫరవాలేదు. విదేశంనుంచి ఒక మహిళ పంపిన ఉత్తరాన్ని ఓనరు ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టాడు. కెటిల్‌తో ఆవిడ కిటికీలోని పూలకుండీలకు నీళ్ళు పోస్తోందట. చుక్క కూడా పక్కకు పోవడం లేదని, ఆ ముక్కు ఒక అద్భుతమని రాసింది. వచ్చినవాళ్ళకు ఓనరు ఆ ఉత్తరం చూపించి, మా డిజైనర్ అని నన్ను పరిచయం చేస్తాడు. మొదట్లో ముక్కు నాది కాదని చెప్పేవాణ్ణి. వినయం అనుకుని మరింత మెచ్చుకుంటున్నారని మానేశాను.

ఇప్పుడు పెళ్ళిళ్ళకూ మీటింగులకూ పనికొచ్చే పెద్ద ఫ్లాస్కు ఒకటి చేస్తున్నాం, కింద నల్లా ఉండేది. నమూనా తయారైనప్పుడల్లా ఓనరు చాయ్ అక్కను తన గదికి పిలిపిస్తున్నాడు. మొదటిసారి ఆమె లోపలికి వచ్చి, నిలబడకుండా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఓనరు ఒక్క క్షణం తటపటాయించి, ఫ్లాస్కును ఆమె ముందుకు జరిపాడు. ఆమె నల్లా తిప్పి చూసి, నీళ్ళు పట్టి చూసి, మూత వాసన చూసి, వద్దంది. రెండోదీ వద్దంది, మూడోదీ వద్దంది. నిన్న నాలుగోది కూడా తిప్పి పంపించింది.

"నల్లా గింత మీదికున్నది. గ్లాసు కింద పెట్టి పట్టుకుంటె చాయంత బల్ల మీదనే పడుతది. జర కిందికి దించు సారు" అంది.

దించుతున్నాను.